చీఫ్‌గారి రోజంతా ఫొటోగ్రాఫర్

పెళ్ళికి రెండు గంటల ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకోవడం శుద్ధ వెనకబాటుతనమనీ, రోజంతా ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకున్న జాతికి తిరుగుండదనీ చీఫ్ ఒగుండెపో విలేకర్ల సమావేశంలో ప్రకటించారు. ఆ జాతికి పునాదిరాయిగా, శనివారం ఒకె-అరో పట్టణంలో జరగబోయే ఒమొలారా అనే అమ్మాయి పెళ్ళికి తన సొంత ఖర్చుతో ఒక ఫొటోగ్రాఫర్‌ని కానుకగా ఇస్తున్నానన్నారు. పెళ్ళికూతురు నిద్రలేచింది మొదలు చివరి గిన్నె తోమేదాకా కెమెరా ఆగదని హామీ ఇచ్చారు.

"రోజంతా ఉంటే లాభమేమిటండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"పొద్దున పెళ్ళికూతురు ఏడుస్తుంది. రెండు గంటలవాడికి ఆ ఏడుపు దొరకదు. సాయంత్రం పెళ్ళికొడుకు ఏడుస్తాడు. అదీ దొరకదు. సగం చరిత్ర పోయినట్టేగా!"

"మరి దీనివల్ల ప్రజాస్వామ్యానికి లాభం?"

"ఇప్పుడు చెప్పిందే," అన్నారు చీఫ్.

వెనక నిలబడ్డ వాసియూ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. అతని ఉద్యోగమే అది. పేరుకు మీడియా సలహాదారు. చీఫ్‌గారి ఫోను మోసేదీ అతనే, ఆయన మాటలకు అర్థం చెప్పేదీ అతనే. చీఫ్ శాసనసభకు వెళితే తనకు కారూ, కారుకు డ్రైవరూ వస్తారని అతను రోజూ పడుకునేముందు ఒకసారి అనుకుంటాడు.

శాసనసభకు వెళ్ళాలంటే లాంతరు పార్టీ టికెట్ కావాలి. టికెట్ పార్టీ చైర్మన్ ఫలాదె చేతిలో ఉంది, అభ్యర్థి పేరు ఆయనే సోమవారం ప్రకటిస్తారు. కిందటిసారి చీఫ్ సభ పెట్టి, బ్రహ్మాండమైన జనం ఉన్న ఫొటో పంపితే, చైర్మన్ కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"జనం బానే ఉన్నారు. అన్నం గిన్నె కూడా కనబడుతోంది. గిన్నె ఖాళీ అయ్యాక తీసిన ఫొటో ఏదయ్యా?" అన్నారు.

అలాంటి ఫొటో లేదు. అలాంటి జనమూ లేరు.

"తిని వెళ్ళిపోయేది ఆకలి. సాయంత్రందాకా ఉండేది ఓటు. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా ఒకే జనం, మన రంగు బట్టల్లో చూపించు. టికెట్ నీదే."

ఒకె-అరోలో పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా జనం కదలకుండా ఉండేది ఒక్క పెళ్ళిలోనే. పైగా చుట్టాలూ స్నేహితులూ అందరూ ఒకే రకం బట్ట కుట్టించుకుని రావడం మా ఆనవాయితీ. ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించిన మొదటి రాజనీతిజ్ఞుడు చీఫ్ ఒగుండెపో. చరిత్ర ఈ విషయం గుర్తు పెట్టుకోవాలి.

వాసియూ వెంటనే పెళ్ళికూతురు తల్లి దగ్గరికి పరిగెత్తాడు. బజారులో బట్టల కొట్టు నడిపే ఆవిడను అందరూ ఇయా ఒమొలారా అంటారు, అంటే ఒమొలారా తల్లి అని.

"ఇయా, పెళ్ళివారందరికీ బట్ట మా చీఫ్ ఇస్తారు. నారింజ రంగు. మీద లాంతరు బొమ్మ, చీఫ్‌గారి మొహం."

"మొహం లేకుండా రాదా నాయనా?"

"మొహం కోసమే కదమ్మా బట్ట!"

"ఫొటోగ్రాఫర్?"

"రోజంతా. ఊరికే."

ఇయా కాసేపు ఆకాశంకేసి చూసి, దేవుడు గొప్పవాడంది. అప్పుడు ఆవిడ చెప్పని మాట ఒకటుందని వాసియూకి తట్టలేదు. ఆనందంలో ఉన్న మనిషికి ఎదుటివాడు చెప్పినదే వినపడదు, చెప్పనిదెలా వినపడుతుంది!

శనివారం పొద్దు పొడవగానే మొరెనికె కెమెరాతో దిగింది. పదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి, కొండముచ్చులాంటి పెళ్ళికొడుకుని కూడా చందమామలా చూపించగలదు. చీఫ్ ఆమెకు స్వయంగా ఆదేశాలిచ్చారు.

"చూడమ్మా, తీసిన ఫొటో తీసినట్టు చైర్మన్‌గారి ఫోనుకు వెళ్ళిపోవాలి. ఆకాశం ఊడిపడినా కెమెరా దించకూడదు. నేనే దించమన్నా దించకు. అది నా బలహీన క్షణం అనుకో."

"అలాగేనండీ," అంది మొరెనికె.

పెళ్ళికూతురికి మేకప్ వేస్తుంటే అద్దంలో చీఫ్ మొహం కూడా కనబడింది. పెళ్ళికూతురు కెవ్వుమంది. మొరెనికె క్లిక్‌మనిపించింది. 'నాయకుణ్ణి చూసి ఆనందం పట్టలేని యువతి' అని వాసియూ దానికి పేరు పెట్టాడు.

తరవాత పందిట్లో అసలు ఘట్టం. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకూ అతని స్నేహితులూ పిల్లనిచ్చేవాళ్ళ ముందు బోర్లా పడుకుని సాష్టాంగపడాలి. ఏ కుర్చీ ముందు పడుకోవాలో ఆ కుర్చీలో పెళ్ళికూతురు తండ్రి కూర్చుంటాడు. ఆయన గొంతు తడుపుకోవడానికి లేచిన సమయం చూసి చీఫ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. కోడెల్లాంటి కుర్రాళ్ళు వరసగా ఆయన కాళ్ళముందు నేలకు కరుచుకున్నారు.

"చీఫ్‌గారూ, అది నా కుర్చీ," అన్నాడు తండ్రి గ్లాసుతో తిరిగొచ్చి.

"ప్రజాసేవలో కుర్చీ ఎవరిదని చూడకూడదు," అన్నారు చీఫ్. "అమ్మాయ్, వాళ్ళని ఇంకోసారి పడుకోమను. ఆ చివరివాడి కాళ్ళు ఫొటోలో రాలేదు."

వాళ్ళు మూడుసార్లు పడుకున్నారు. నాలుగోసారి పెళ్ళికొడుకు లేవలేదు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడు.

బట్ట విషయంలో చిన్న ఇబ్బంది వచ్చింది. దర్జీలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కుట్టేసరికి, చీఫ్‌గారి మొహం కొందరికి వీపుమీద పడింది, కొందరికి ఇంకా కిందకి పడింది. పందిట్లో కుర్చీలు నిండేకొద్దీ జనం చీఫ్ మీద కూర్చుంటున్నారు. వాసియూ గాభరాపడ్డాడుగానీ చీఫ్ చలించలేదు. "ప్రజల బరువు మోసేవాడే నాయకుడు. రాసుకో," అన్నారు. వాసియూ రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి చైర్మన్ ఫోను చేశారు.

"వాసియూ, ఫొటోలు చూశాను. సముద్రంలా ఉన్నారు జనం. ఆ బోర్లా పడుకున్న కుర్రాళ్ళెవరు?"

"యువజన విభాగం సార్."

"భేష్! సాయంత్రం కూడా ఇంతే ఉంటే సోమవారం చీఫ్ పేరే చదువుతాను. ఒక్కడు తగ్గినా చదవను."

వాసియూ పందిట్లోనే ఒక గంతేశాడు. కారు రంగు నలుపైతే బాగుంటుందా తెలుపైతే బాగుంటుందా అని ఆలోచిస్తూ వెళ్ళి చీఫ్‌కి కబురు చెప్పాడు. చీఫ్ కళ్ళు చెమర్చాయి. నములుతూ కనబడితే హుందాగా ఉండదని ఆయన పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. టికెట్ వచ్చాకే తింటానని శపథం కూడా చేశారు.

అప్పుడు పెళ్ళివారంతా లేచి విందు హాలుకు బయల్దేరారు. దారిలో ఇళ్ళలోకి దూరారు. బయటికొచ్చారు. వచ్చినవాళ్ళను చూసి వాసియూ గోడ పట్టుకున్నాడు.

అందరూ నీలం బట్టల్లో ఉన్నారు. నీలం మీద డప్పు బొమ్మ. డప్పు పక్కన, చీఫ్‌కి బద్ధశత్రువూ డప్పు పార్టీ అభ్యర్థీ అయిన అల్హాజీ సరూమి నవ్వు మొహం.

"ఇయా! ఏంటిది?"

"విందు బట్ట నాయనా," అంది ఇయా, నీలం తలపాగా సర్దుకుంటూ. "పొద్దుటి బట్టతోనే విందుకి వెళ్తారా ఎక్కడైనా? మీ అమ్మ పెళ్ళిలో రెండు బట్టలు లేవూ?"

"అది... ఉన్నాయనుకో. మరి నాకు చెప్పలేదే!"

"నువ్వు అడిగావా? పొద్దుటిది నీ చీఫ్ ఇచ్చాడు. రెండోది అల్హాజీ ఇచ్చాడు. ఇద్దరూ మారాజులే. నా కూతుర్ని దీవించనీ."

పెళ్ళి జరిగే ప్రతి ఇంట్లో రెండు బట్టలుంటాయని ఒకె-అరోలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. రాజకీయాల్లో మునిగిన చీఫూ, ఆయన సలహాదారూ మాత్రం మర్చిపోయారు. వాసియూ మొరెనికె దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, కెమెరా దించు! నీకు దణ్ణం పెడతాను!"

"ఆకాశం ఊడిపడినా దించొద్దన్నారు మీ అయ్యగారు."

"ఊడిపడింది కదా!"

"ఊడిపడినా అన్నారు," అని ఆమె అతన్నే ఒక ఫొటో తీసింది. అదీ చైర్మన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

హాల్లో చీఫ్ ఒక్కరే నారింజ రంగులో, నీళ్ళలో తేలే గుమ్మడికాయలా కూర్చున్నారు. ఆయన ముందునుంచి వంటకాలు వెళ్తున్నాయి. ఎర్రగా మెరిసే జొలాఫ్ అన్నం వెళ్ళింది. దంచిన పెండలం పొగలు కక్కుతూ వెళ్ళింది. ఒక్కటీ ఆగలేదు. విందు బట్ట కట్టినవాళ్ళకే వడ్డన, అది మా దగ్గర శాసనం కన్నా గట్టిది.

"అమ్మా, ఇటు," అన్నారు చీఫ్.

"మీరు విందువాళ్ళు కాదుగా బాబాయ్," అంది వడ్డించే పిల్ల.

"ఈ ఫొటోగ్రాఫర్‌ని ఇచ్చింది నేనమ్మా!"

"అందుకే ఫొటోలో ఉన్నారు."

చీఫ్ కాసేపు దేశభవిష్యత్తు గురించి ఆలోచించారు. ఇంతలో పక్కనుంచి మేకమాంసం పళ్ళెం వెళ్ళింది. మిరియాల ఘాటు ముక్కుకు తగిలింది.

"వాసియూ," అన్నారు మెల్లగా. "ఒక్క టోపీ పెట్టుకుంటే పార్టీ మారినట్టా?"

"టోపీ అంటే... తలకి సంబంధించింది సార్. మనసుకి కాదు."

ఇయా నీలం టోపీ తెచ్చి పెట్టింది. వెంటనే బొబ్బర్ల ఆవిరి కుడుము ఒకటి వచ్చింది. చీఫ్ రెండు గుటకల్లో మింగారు. ఆకలి ఇంకా పెరిగింది. మెడలో నీలం కండువా వేస్తే జొలాఫ్ అన్నం వచ్చింది. మాంసం మాత్రం రాలేదు. మాంసానికి పైనుంచి కిందిదాకా బట్ట ఉండాలంది వడ్డించే పిల్ల. చీఫ్ తెర వెనక్కి వెళ్ళి, నిండు నీలం అంగీలో, గుండెలమీద అల్హాజీ సరూమి నవ్వుతుండగా బయటికొచ్చారు. హాలు ఈలలతో దద్దరిల్లింది. డప్పులవాళ్ళు ఆయన చుట్టూ మూగి ఆయన తాతముత్తాతలను పొగిడారు. చీఫ్ చేతిలో మేక తొడతో నాట్యం చేశారు. మొరెనికె అన్ని వైపులనుంచీ తీసింది. ఏమాటకామాట, పనిమంతురాలు.

సరిగ్గా అప్పుడే అల్హాజీ సరూమి లోపలికి వచ్చాడు. శత్రువుని తన బట్టలో చూసి ఒక్క క్షణం కొయ్యబారి, మరుక్షణం కౌగిలించుకుని, మైకు లాక్కున్నాడు.

"చీఫ్ ఒగుండెపో ఈ శుభముహూర్తాన డప్పు పార్టీలో చేరుతున్నారు! అవునా చీఫ్?"

నోట్లో మాంసం ఉండగా రాజకీయ ప్రకటనలను ఖండించడం మర్యాద కాదు. చీఫ్ నములుతూ తలూపారు. మొరెనికె తీసింది.

ఒక మూలన కొత్త పెళ్ళికూతురు ఆ ఫొటోలు చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. "అమ్మా, పొద్దుట్నుంచి తీసిన వాటిల్లో మా ఆయన మొహం ఒక్కదాంట్లో లేదే! అన్నిట్లో బోర్లా పడుకునే ఉన్నాడు!" అంటోంది. ఆ మాట మాత్రం నిజం, ఆ పిల్లకి అన్యాయమే జరిగింది.

వాసియూ చేతిలో ఫోను మోగింది. చైర్మన్ ఫలాదె. అతని కళ్ళముందు కారూ డ్రైవరూ కలిసి దూరంగా వెళ్ళిపోయారు. ఫోను ఎత్తాడు.

"సార్, అది చీఫ్‌గారు మనసారా కాదు సార్, మేక..."

"నోర్ముయ్. ఫొటోలన్నీ చూశాను. మధ్యాహ్నం ఉన్న జనమే ఉన్నారా సాయంత్రం?"

"ఒక్కరు కూడా తగ్గలేదు సార్."

"అందరూ నీలంలోనే ఉన్నారా?"

"అందరూ సార్."

అవతల చైర్మన్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఆ నీలం బట్ట ఇంకా మిగిలిందా?"

వాసియూ ఫోను ఇయాకి ఇచ్చాడు. ఇయా ఫోను చెవికి ఆనించుకుని, కుట్టుపని బేరం వచ్చినప్పటి గొంతుతో మాట్లాడింది.

"ఉంది చైర్మన్‌గారూ. నారింజ కూడా మిగిలింది. రెండూ కలిపి కుట్టించనా? పైన ఒకటి, లోపల ఒకటి. తిప్పి వేసుకోవచ్చు. బొత్తాలు రెండువైపులా పెట్టిస్తాను. ఏ రంగు పైకి ఉంచమంటారు?"

చైర్మన్ గొంతు తగ్గించారు.

"నేను బయల్దేరుతున్నాను. దిగేటప్పటికి ఆ ఫొటోగ్రాఫర్ ఎవరి పక్కన నిలబడి ఉంటుందో చూసి, వాళ్ళ రంగే పైకి ఉంచమ్మా."