చిట్టబ్బాయి మూలగని నొప్పి

చనిపోయిన రోగి పడ్డ నొప్పిని గోనెసంచిలో కట్టి తెస్తేనే పరిహారం దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి, నూకరత్నం సోమవారం పొద్దున్నే మొగుడు చిట్టబ్బాయి నొప్పిని నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. వాళ్లమ్మ నొప్పినీ పోయినేడు తను అలాగే మోసుకెళ్లాడట, పాపం.

చిట్టబ్బాయి కొబ్బరికాయలు దింపే మనిషి. కడుపులో నొప్పని వెళ్తే డాక్టరు పదకొండు నెలలు గ్యాసు మాత్రలే రాశాడు. చీటీ మీద ‘నటన’ అని కూడా రాశాడు మహానుభావుడు! గడ్డ అని తేలేసరికి అది కాలేయం దాకా పాకింది. తన మొగుడు నిజంగానే బాధపడ్డాడని ఆఫీసువాళ్లు ఒక్క కాగితం మీద రాసిస్తే చాలు, నూకరత్నానికి అంతకుమించి ఆశ లేదు.

ఆఫీసులో గుమాస్తా సంచి తూచి, ఒక చేట ఇచ్చాడు.

“జబ్బుకి ఎలాగూ వచ్చే నొప్పి ఒక పక్కకి, ఆలస్యం వల్ల వచ్చింది ఇంకో పక్కకి ఏరమ్మా. కలిపి ఇస్తే తీసుకోం.”

వరండాలో అప్పటికే పదిమంది చేటలు పెట్టుకుని కూర్చున్నారు. బియ్యంలో రాళ్లేరిన చెయ్యి కదా, మధ్యాహ్నానికల్లా నూకరత్నం ముప్పాతిక వంతు ఏరేసింది. సంచి అడుగున ఒకటి తగిలింది, పనసకాయంత. దాని మీదున్న తేదీ చూస్తే పొరుగూరి తీర్థం నాటిది. ఆ రోజు తనని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఏడు కిలోమీటర్లు తొక్కాడు. దారంతా కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడు.

“ఎంత మొండోడివయ్యా! నాతో ఒక్క ముక్క సెప్పలేదే” అని భోరుమంది. పక్కావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

గుమాస్తా దాన్ని పక్కన పెట్టేశాడు. “ఇది చెల్లదు. మూలిగినట్టు సాక్ష్యం లేదు.”

“నేను బెంగెట్టుకుంటానని బిగబట్టేడు బాబూ.”

“అదే ఆయన చేసిన తప్పు. మూలగని నొప్పి మా లెక్కలో నొప్పి కాదు. తీసుకెళ్లిపోండి.”

అది పోగా ఆలస్యం పక్కన మిగిలింది దోసెడు కూడా లేదు. ‘స్వల్ప అసౌకర్యం’ అని ముద్రేసిన కాగితం చేతికిచ్చారు. నూకరత్నం దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, పెద్ద నొప్పిని మళ్లీ సంచిలో కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొచ్చింది.

ఇంటి అరుగు మీద మరిది సూరన్న డొక్క పట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. “ఏం లేదొదినా, గ్యాసు” అన్నాడు.

నూకరత్నం సంచి దించింది. పక్కింటివాళ్లని ఇద్దరిని సాక్ష్యానికి పిలిచింది. గోడ మీది క్యాలెండరు తెచ్చుకుని, పెన్సిలు ముక్క పట్టుకుని, వాడి ఎదురుగా చతికిలబడింది.

“మూలుగు సూరన్నా, గట్టిగా మూలుగు. తేదీ ఏసుకుంటన్నాను” అంది.