అళగిరి రాజా బీరుకు అలవాటైన కథ

మద్యనిషేధం వచ్చి తాగేవాళ్ళకు అన్యాయం జరిగిందని ఎవరన్నా అంటే నమ్మకండి! తాగేవాళ్ళకు మర్యాద తెచ్చిందే ఆ చట్టం. అంతకు ముందు తాగినవాణ్ణి తాగుబోతు అనేవాళ్ళు. ఇప్పుడు పర్మిట్ హోల్డర్ అంటారు. ఎంత తేడా!

సాక్ష్యం కావాలా? మా రాజపాళయం మిల్లు మొదలాళి, అంటే యజమాని, అళగిరి రాజా ఒక్కడు చాలడా?

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో ఆయన స్పిన్నింగ్ మిల్లు కట్టినప్పుడు, మెషీన్లు బిగించేదానికి బొహీమియా దేశం నుంచి ఫ్రాన్జ్ అనే ఫిట్టర్ దొర వచ్చినాడు. మెషీన్లతో పాటు తూత్తుకుడి రేవులో ఆరు పెట్టెలు కూడా దిగినాయి. స్పేర్ పార్టులేమో అనుకున్నాడు రాజా. తెరిస్తే అన్నీ సీసాలే! వాళ్ళ పక్క పిల్సెన్ అని ఒక ఊరంట. ఆ ఊరి పేరు పెట్టుకున్న పిల్సనర్ బీరంట. అది లేకుంటే దొర చేతికి స్పానర్ ఎక్కదంట.

దొర సీసాలను గంపలో పెట్టి బావిలోకి దించి చల్లబెట్టినాడు. గ్లాసు వంచి పోసినాడు. బంగారు వన్నె, పైన రెండు వేళ్ళ మందం తెల్లటి నురుగు. "నురుగు నిలవాల. నిలవకుంటే అది బీరే కాదు" అని పాఠం చెప్పినాడు.

రాజా ఒక గుక్క తాగినాడు. కాకరకాయను వేపాకులో చుట్టి నమిలినట్టుండింది.

"ఎట్లా ఉంది?" అన్నాడు దొర.

"ఫస్ట్ క్లాస్!" అన్నాడు రాజా, కళ్ళనిండా నీళ్ళతో. ఆ నీళ్ళు చూసి దొర కరిగిపోయినాడు. తన ఊరి బీరుకు ఏడ్చినవాడు ఈ దేశంలో ఈయన ఒక్కడేనని చేతులు పట్టుకున్నాడు.

ఇంకేముంది! అళగిరి రాజాకు పిల్సనర్ అంటే ప్రాణమని వారంలో ఊరంతా పాకింది. కలెక్టరాఫీసు నుంచి ఎవరొచ్చినా ఆయన ఇంట్లోనే విందు. గ్లాసు వంచి, నురుగు నిలబెట్టి, "ఇంగ్లీషువాళ్ళ బీరులో ఏముంది సార్, ఉట్టి నల్లనీళ్ళు" అంటే తెల్లదొరలు కూడా నోరు తెరిచేవాళ్ళు. నాగరికత అంటే అది! చేదును చేదు అనేవాడు పామరుడు. చేదును నాలుక మీద మిగిలే 'ఫినిష్' అనేవాడు పెద్దమనిషి.

వచ్చినవాళ్ళు అటు తిరిగితే రాజా తన గ్లాసును కరివేపాకు చెట్టు మొదట్లో పోసేవాడు. ఒకనాడు కుక్కకు పోసి చూసినాడు. అడవిపందికి బెదరని మా ఊరి తెల్లకుక్క అది. వాసన చూసి మంచం కిందికి దూరింది.

మరి రాజాకు నిజంగా ఇష్టమైనదేమి? మెల్లగా చెప్తాను. కల్లు! తాటిచెట్టు నుంచి దించి తెల్లవారకముందే తెచ్చిన పుల్లటి కల్లు, దాంతో ఇన్ని అలసంద గుగ్గిళ్ళు. తళవాయిపురం దారిలో తాటిచెట్లెక్కే మూక్కన్ రోజూ పెరటి గుమ్మం దగ్గర ముంత దించి పోయేవాడు. వాళ్ళ నాయన కూడా అట్లే రాజా నాయనకు దించినవాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరేనని రాజా లెక్క. రాజా, మూక్కన్. ఇంటి ఇల్లాలు చెల్లమ్మకు కూడా అది పదనీరు, పులవని తియ్యటి తాటినీరు, అనే చెప్పినాడు.

తరువాత యుద్ధం, దాని వెనక స్వరాజ్యం, దాని తోడనే మా జిల్లాకు మద్యనిషేధం. ఊరి పెద్దమనుషులంతా చేరి మద్యనిషేధ కమిటీకి ప్రెసిడెంటుగా ఎవరిని వేసినారనుకుంటారు? అళగిరి రాజానే! అనుభవం ఉన్నవాడు గదా.

ఆ వారంలోనే పర్మిట్ సంగతి తెలిసింది. దొరల దేశాల శీమ సరుకుకు అలవాటు పడి, అది లేకుంటే ఒళ్ళు చెడిపోతుందని డాక్టరు రాసిస్తే వారానికి ఇన్ని సీసాలని సర్కారు కాయిదం ఇస్తుందంట. పక్క మిల్లు మొదలాళి అప్పుడే తీసుకున్నాడు. పిల్సనర్ రాజా అని పేరు పెట్టించుకున్నవాడు తీసుకోకుంటే ఊళ్ళో తల ఎత్తుకునేదెట్లా? పోయి డాక్టర్ శివసుబ్రహ్మణ్యం ముందర కూర్చున్నాడు.

"చేతులు వణుకుతాయా?"

"లేదు డాక్టర్."

"కొంచెం వణికించండి. ఆ, చాలు. నిద్ర?"

"పడుకుంటే తెల్లారేదాకా లేవను."

"అది కూడా ఒక జబ్బే" అని రాసుకున్నాడు డాక్టరు. "చిరకాలపు అలవాటు. మానితే ప్రాణాపాయం."

వారానికి రెండు సీసాలు! ఈసారి హాలండు నుంచి వచ్చిన పిల్సనర్. రాజా ఆ కాయిదాన్ని ఫ్రేము కట్టించలేదు గానీ, కట్టించినంత పని చేసినాడు. ఆ సాయంత్రమే మైదానంలో మీటింగు. "కల్లు సంసారాలను కూల్చే విషం!" అని గంటసేపు గర్జించినాడు. ముందు వరసలో మూక్కన్ పెళ్ళాం రాక్కమ్మాళ్ కూర్చుని చప్పట్లు కొట్టింది.

మూక్కన్‌కు చెట్టెక్కే లైసెన్సు మిగిలింది, పదనీరుకు మాత్రం. కుండలో సున్నం పూస్తే పులవదు, అది పదనీరు. పూయకుంటే కల్లు, జైలు. చట్టానికీ నేరానికీ నడుమ చిటికెడు సున్నం!

నెల దాటేసరికి కల్లుకు రాజా నాలుక పీకింది. పెరట్లో మూక్కన్‌ను నిలబెట్టి మెల్లగా అడిగినాడు.

"ఏమిరా మూక్కా, ఒక్క కుండకు సున్నం మరిచిపోగూడదా?"

మూక్కన్ తల గీరుకున్నాడు. "పోలీసులు కుండ కుండా వాసన చూస్తుండారు సామీ."

"నేనుండాను గదరా!"

ఆ ఒక్క మాట మీద మూక్కన్ సున్నం మరిచిపోయినాడు. మూడోనాడే పట్టుకున్నారు.

కోర్టులో కమిటీ ప్రెసిడెంటుగా రాజా ముందు వరస కుర్చీలో కూర్చోక తప్పలేదు. మెజిస్ట్రేట్ మూక్కన్‌ను అడిగినాడు.

"ఈ కుండ ఎవరికి?"

మూక్కన్ రాజా పక్క చూసినాడు. రాజా లేచి ఒక్క మాట చెప్పేదానికి కుర్చీ చేతులు పట్టుకున్నాడు కూడా. అంతలో వెనక వరసలో పక్క మిల్లు మొదలాళి దగ్గినాడు. రాజా చేతులు వదిలేసి పైకప్పు వాసాలు చూస్తూ ఉండిపోయినాడు.

"నాకే సామీ" అన్నాడు మూక్కన్.

"ఇంతా నువ్వొక్కడివే తాగుతావా?"

"అలవాటు సామీ. చిన్ననాటి నుంచి అలవాటు. లేకుంటే ఒళ్ళు బాగుండదు."

చదువరులారా, అదే మాట! డాక్టరు రాస్తే రెండు సీసాలు తెచ్చిపెట్టిన ఆ మాటే, మూక్కన్ నోటితో చెప్తే మూడు నెలల జైలు తెచ్చిపెట్టింది. అలవాటుకు కూడా చదువు కావాల!

మరునాడు రాక్కమ్మాళ్ పెరటి గుమ్మానికి వచ్చింది. ఏడవలేదు. చెల్లమ్మను ఒకటే అడిగింది.

"అమ్మా, సామికి రాసిచ్చిన డాక్టరు మా ఆయనకు కూడా ఒక కాయిదం రాసియ్యడా?"

"అది శీమ సరుకుకే రాస్తారంట గదే."

"శీమ సరుకు ఆయనెప్పుడమ్మా తాగినాడు? ఊరి సరుకే తాగడు. ఆ కుండ కూడా ఈ గుమ్మానికే గదా వచ్చేది!"

చెల్లమ్మ మూలనున్న ముంత పక్క చూసింది. పదేండ్లుగా పదనీరు అనుకున్నది! రాక్కమ్మాళ్ గంపలో నాలుగు పడుల బియ్యం పోసి, మూడు నెలలూ ఇక్కడే పనికి రమ్మని చెప్పి పంపింది. మొగుడి మీద అరవలేదు, ఏమీ అడగలేదు.

సాయంత్రం రాజా చావడిలో కూర్చోగానే పిల్సనర్ సీసా మూత తీసి, గ్లాసు వంచి పోసింది. నురుగు రెండు వేళ్ళ మందం నిలిచింది. దొర చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

"తాగండి."

"ఇప్పుడు వద్దులే."

"మానితే ప్రాణాపాయం అని రాసుండారు గదా. నా తాళి సంగతి చూసుకోవద్దా నేను?"

ఎదురుగా కూర్చుంది. కరివేపాకు చెట్టు పక్కకు చూపు తిప్పనీయలేదు. ఆఖరి చుక్క దాకా తాగించింది. ఆ వారం రెండోది. వచ్చే వారం ఇంకా రెండు. ప్రతి గుక్కకూ రాజా కళ్ళలో నీళ్ళు. కిటికీలోంచి చూసినవాళ్ళు "పిల్సనర్ రుచి తెలిసినవాడంటే ఈయనే" అని చెప్పుకున్నారు. చేదు ఎక్కడిదో రాజాకొక్కడికే తెలుసు. నడిరాత్రి లేచి కూర్చునేవాడు. డాక్టరు వెదికిన నిద్రపట్టని జబ్బు ఇన్నాళ్ళకు నిజమైంది!

మూడు నెలలకు మూక్కన్ తిరిగి వచ్చినాడు. మనిషి సగమైనాడు. చెట్టెక్కే లైసెన్సు పోయింది. రాజా పిలిపించినాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. మొదలాళి నోటికి ఆ మాట అలవాటు లేదు గదా, వేరే మాట వచ్చింది.

"మిల్లు గేటులో వాచ్‌మన్ పనికి ఉంటావా? కమిటీ రూలు పెట్టింది. లోపలికి పోయేవాళ్ళ నోరు వాసన చూసి పంపాల."

"సరి సామీ" అన్నాడు మూక్కన్. కల్లు వాసన అతనికన్నా తెలిసినవాడెవడు?

మొదటి నాడు పొద్దున గేటు ముందర కూలీల వరస. ఒక్కొక్కడూ మూక్కన్ ముఖాన "హా" అని ఊది పోతున్నాడు. అంతలో రాజా కారు వచ్చి నిలిచింది. రాత్రి తాగిన సీసా వాసన ఇంకా పోలేదు. మూక్కన్ కారు దగ్గరకు వచ్చి, వంగి, చేతులు కట్టుకున్నాడు.

"ఊదండి సామీ. రూలు."

వరసంతా చూస్తోంది. రాజా ఊదినాడు.

మూక్కన్ కళ్ళు మూసుకుని వాసన పీల్చినాడు. "ఇది సారాయి కాదు. కాయిదం వాసన. పోవచ్చును!" అని గేటు బార్లా తెరిచినాడు.

కారు కదిలే లోపల వరసలో తరువాతి వాడు వచ్చినాడు. వాడి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"కాయిదం ఉండాదా?" అన్నాడు మూక్కన్.

"లేదన్నా."

"అట్లయితే ఆ పక్క తిరిగి ఊది లోపలికి పో."

రాజా విన్నాడు. డ్రైవరు వెనక్కు తిరిగి చూస్తే, పోనీయమని చెయ్యి ఊపినాడు.