మూలాలకు ఉచిత సిట్టింగు

ఆ ఆదివారానికి త్రినాధరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఉదయం తొమ్మిదింటికి అనకాపల్లి గవరపాలెంలోని తన ఇంటి మేడమీద ఇంటర్ విద్యార్థులకు ఒక ఉచిత పాఠం చెప్పాలి. అది విని కనీసం పదిమంది ట్యూషన్‌లో చేరాలి. చేరకపోతే సోమవారం పాత కాలేజీకి వెళ్లి, ప్రిన్సిపాలు ముందు నిలబడి, రాజీనామా కాగితం చించెయ్యమని బతిమాలుకోవాలి. ఈ ఆఖరి భాగం మాత్రం ఆయన భార్య సూర్యకళ వేసింది.

త్రినాధరావు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాడు. ఎంసెట్‌కి జవాబు చాలు, మెట్లెందుకని ప్రిన్సిపాలు అంటే, మెట్లెక్కకుండా మేడమీదికి వచ్చేవాణ్ణి దొంగంటారని బదులిచ్చి బయటికి వచ్చేశాడు. ఆ మాట స్టాఫ్‌రూములో అందరికీ నచ్చింది. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

పాఠానికి కరపత్రం కావలసి వచ్చింది. సూర్యకళ తమ్ముడు బాబ్జికి ప్రెస్సు ఉంది. వర్గ సమాసాల చాప్టరు అంటే పిల్లలకి హడలు కాబట్టి త్రినాధరావు ఆలోచించి, దాని మీదే గురిపెట్టి రాశాడు. పైన ఎర్ర సిరాతో 'ఇంటర్ గణితం ట్యూషన్'. కింద నల్ల సిరాతో ఇలా:

'మూలాలు మిమ్మల్ని ఏడిపిస్తున్నాయా? వర్గ మూలాలు, ఘన మూలాలు, సంకీర్ణ మూలాలు, ఎంత మొండివైనా సులువుగా పరిష్కరించబడును. ఇరవై ఏళ్ల అనుభవం. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి గవరపాలెంలో మా మేడమీద మొదటి సిట్టింగు ఉచితం. కె. త్రినాధరావు, ఎం.ఎస్‌సి., గణితం.'

శనివారం రాత్రి బాబ్జి దగ్గర ఎర్ర సిరా అయిపోయింది. నల్ల అక్షరాలు చాలులే అనుకున్నాడు. కాగితాలు కత్తిరించేటప్పుడు మిషను కాస్త పక్కకి జరిగి ఆఖరి లైను 'ఎం.ఎస్' దగ్గర తెగింది. డిగ్రీ అంతే కాబోలు అనుకున్నాడు. ఆదివారం తెల్లవారేసరికి రెండువేల కరపత్రాలు పేపర్లలో దూరి అనకాపల్లిలోనే కాక సబ్బవరం దాకా వెళ్లిపోయాయి.

తొమ్మిదింటికి త్రినాధరావు మేడమీదికి వెళ్లేసరికి ముప్పైమంది ఉన్నారు. ఆయన గుండె పొంగింది. అయితే అందులో నలభై దాటనివాళ్లు ఎవరూ లేరు. తల్లిదండ్రులే ముందు వచ్చి మేష్టారిని పరీక్ష చేస్తున్నారు కాబోలు, మంచిదే అనుకున్నాడు. వింత ఏమిటంటే, కొత్త బెంచీలు ఎనిమిది వేయించినా ఒక్కరూ కూర్చోలేదు.

"కూర్చోండి, కూర్చోండి. నా దగ్గర మొహమాటం వద్దు," అన్నాడు.

"ఫర్వానేదు బాబూ. నిలబడే ఇంటాం," అన్నాడు ముందు వరసలో ఉన్న జగ్గన్న. ఆయన సబ్బవరం దగ్గర చెరకు రైతు. బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడే వచ్చినవాడు.

చదువంటే ఇంత గౌరవమా అని త్రినాధరావు కళ్లు చెమర్చాయి. "చెప్పండి. మూలాలతో ఇబ్బంది ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు అయిపోనాది బాబూ."

"ఆరేళ్లా! ఎన్నిసార్లు రాశారు?"

"ఎన్నిసార్లేటి బాబూ, రోజూ రెండుపూట్లా రాత్తన్నాను."

"అయినా పోయిందా?"

"పోతే ఇక్కడికెందుకొత్తాను? పోనేదు!"

ఈ వయసులో రోజూ రెండుపూటలా లెక్కలు రాస్తున్న రైతును త్రినాధరావు తన సర్వీసులో చూడలేదు. "ఇంతకీ మూలాల బాధ మీకేనా, పిల్లలకి కూడానా?"

"నాకేనండి. పిల్లలికి ఇంకా రానేదు."

"రాలేదా? మీరేమీ దిగులు పడకండి. మీ పిల్లలకి కూడా వచ్చేలా చేసే పూచీ నాది!"

జగ్గన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

త్రినాధరావు ఉత్సాహంగా బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ టూ ఎక్స్ కాస్ తీటా ప్లస్ వన్ ఈక్వల్ టు జీరో అని వేశాడు. సుద్దముక్కతో మధ్య పదాన్ని టకటకా కొట్టాడు. "అసలు చిక్కంతా ఎక్కడుంది? ఇక్కడ, కాస్ తీటా దగ్గర!"

గోడకు ఆనుకుని నిలబడ్డ దేముడమ్మ అనే ముసలావిడ ఉండబట్టలేకపోయింది. "కాత్త తీటేటి నాయినా! పొద్దత్తమానం తీటే!"

"నిజమేనమ్మా. తీటా ఎంతైనా ఉండొచ్చు. తొంభై ఉండొచ్చు, నూట డెబ్భై ఉండొచ్చు."

"నూటడెబ్బయ్యే! అయితే నాది నయమే," అని ఆవిడ కొంత ఊరట పొందింది.

"ఇలాంటప్పుడు మూలాలు సంకీర్ణం అవుతాయి. పైకి కనబడవు. ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఒకటి పైన ఉంటే రెండోది సరిగ్గా దాని కింద ఉంటుంది."

"సూడకండానే సెప్పేత్తన్నాడ్రా!" అని వెనక ఎవరో నమస్కారం పెట్టారు.

"ఆపరేసను పడతాదా బాబూ?" అని జగ్గన్న భయంభయంగా అడిగాడు.

"ఆపరేషన్లు కష్టమేం కాదండీ. ఒక కూడిక, రెండు తీసివేతలు. తర్వాత కొట్టివేతలు." జనం మొహాల్లో రంగు మారడం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "అంత భయమైతే ఫార్ములా ఉంది. అందులో వేసుకుంటే చాలు."

"ఆ పార్ములాయే కాయితం మీద రాసియ్యండి బాబూ. మరిసిపోతాను."

త్రినాధరావు ఒక చీటీ మీద ఇంగ్లీషులో మైనస్ బి దగ్గర్నుంచి టూ ఏ దాకా ఫార్ములా రాసి, కింద గుర్తుగా 'కాంప్లెక్స్' అని కూడా రాసి ఇచ్చాడు. జగ్గన్న ఆ చీటీ పట్టుకుని, పాఠం అయ్యేదాకా ఆగకుండా, సందు చివర మందుల షాపుకి వెళ్లాడు.

షాపాయన చీటీని అటూ ఇటూ తిప్పాడు. బి కనబడింది, కాంప్లెక్స్ కనబడింది. బీ-కాంప్లెక్సు మాత్రలు ఒక అట్ట చేతిలో పెట్టాడు. తర్వాత జగ్గన్న చూపించిన కరపత్రం చదివి, ఫోను తీసి, ఊళ్లో మూలవ్యాధికి పేరుపడ్డ డాక్టర్ ఈశ్వరరావుకి చెప్పాడు. "డాట్రు గారూ, మీకు పోటీగా గవరపాలెంలో ఎవరో ఎమ్మెస్ సర్జను దిగేడండి. మేడమీద ముప్పైమందికి ఒకేసారి సూసేత్తన్నాడట."

అరగంటలో ఈశ్వరరావు సఫారీ సూటులో, కానిస్టేబుల్ చిన్నబాబుని వెంటబెట్టుకుని మేడెక్కాడు.

"ఈడేనండి నకిలీ డాక్టరు! పట్టుకోండి!"

త్రినాధరావు చేతిలో సుద్దముక్క కింద పడింది. ఈశ్వరరావు కరపత్రాన్ని పైకి చదివాడు. ఎర్ర లైను లేదు. ఎం.ఎస్ తర్వాత ఏమీ లేదు. తను రాసిందే, తన మాటలే, ఒక్కొక్కటీ వినపడేకొద్దీ త్రినాధరావుకి జనం ఎందుకు కూర్చోలేదో, రోజూ ఏం రాస్తున్నారో ఒక్కసారిగా బోధపడింది. ఖాళీగా ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

"నేను లెక్కల మేష్టార్నండీ," అన్నాడు పీలగా.

మెట్ల దగ్గర్నుంచి సూర్యకళ గయ్‌మంది. "బాబ్జీ, నీ ప్రెస్సు తగలెయ్య! సర్టిఫికెట్టు తెత్తానుండండి."

చిన్నబాబు బీఎస్సీ మేథ్స్ చదివి పోలీసు ఉద్యోగంలో చేరినవాడు. బోర్డు వంక ఆశగా చూస్తున్నాడు. "సర్టిఫికెట్టు వచ్చేలోగా ఒక్క ప్రశ్న అడుగుతాను. ఏకకపు, అదే ఒకటి తాలూకు, ఘనమూలాలు మూడూ కలిపితే ఎంత?"

"సున్నా!" ఇంత కష్టంలోనూ త్రినాధరావు క్షణం ఆలస్యం చేయలేదు.

"సున్నాయేటి నాయినా? మూడూ పోతాయా? ఒక్కటీ మిగల్దా?" అని దేముడమ్మ చేతులు జోడించింది.

సూర్యకళ తెచ్చిన సర్టిఫికెట్టును చిన్నబాబు ఎండకి ఎత్తిపట్టి సీలు చూశాడు. "ఒరిజినల్. ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. ఈ సారు మీద కేసు నేదు." తర్వాత జేబులోంచి పుస్తకం తీశాడు. "పిర్యాదు ఇచ్చినోల్ల వివరం కూడా రాసుకోవాలి. డాట్రు గారూ, మీ సర్టిఫికెట్టు ఓసారి సూపించండి."

"నాదా? మాది వంశపారంపర్యం."

"అది మీ నాన్నగారి గురించి. మీ పేరు ముందు డాక్టరని ఉంది కదా. దానికి కాయితం ఉంటాది కదండీ?"

"ఇంట్లో ఉంది. ఇప్పుడే తెత్తాను," అని ఈశ్వరరావు మెట్లు దిగాడు. మొదట నెమ్మదిగా దిగాడు, తర్వాత రెండేసి చొప్పున దిగాడు. పన్నెండున్నర దాకా చూశారు. ఆయన స్కూటరు నర్సీపట్నం రోడ్డు మీద కనబడిందని ఎవరో చెప్పారు.

అప్పటికే మాత్రలతో తిరిగొచ్చి ఉన్న జగ్గన్న ఈ సంగతి విని గోడకి చేరగిలబడ్డాడు. "ఆరేళ్లు బాబూ! ఆడిచ్చిన మందే ఆరేళ్లు రాసేను!"

త్రినాధరావు అందరికీ చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. చిన్నబాబు వాళ్లను పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. మేడ ఖాళీ అయింది. ఎనిమిది బెంచీల మధ్య కూర్చుని త్రినాధరావు మర్నాడు ప్రిన్సిపాలుకి చెప్పవలసిన మాటలు మనసులో కట్టుకున్నాడు. సూర్యకళ చొక్కా ఇస్త్రీ చేసింది.

సోమవారం ఆ చొక్కా వేసుకుని తలుపు తీసేసరికి వీధిలో జగ్గన్న నిలబడి ఉన్నాడు. పక్కన కూతురు పావని. వెనక దేముడమ్మ, ఆవిడ మనవలు ఇద్దరు. వాళ్ల వెనక మరో పదకొండుమంది పుస్తకాలతో ఉన్నారు.

"మళ్లీ ఏమైందండీ?" అన్నాడు త్రినాధరావు గుమ్మంలోనే ఆగిపోయి.

"ఏటీ అవనేదు బాబూ. ఊల్లో మేష్టార్లు బోల్డుమందున్నారు. పోలీసోలు సర్టిఫికెట్టు ఎండలో ఎట్టి సూసి ఒరిజినలని సెప్పింది మిమ్మల్నొక్కల్నే," అన్నాడు జగ్గన్న. "మా పాపకి లెక్కలు రావు. నిన్న పూచీ పడ్డారు కదా."

దసరా నాటికి అరవైమంది అయ్యారు. మేడ చాలక, త్రినాధరావు మెయిన్ రోడ్డు మీద ఖాళీగా పడివున్న ఈశ్వరరావు ఆసుపత్రి గదులు అద్దెకు తీసుకున్నాడు. బాబ్జి నిచ్చెన వేసి బోర్డు మీద డాక్టరు పేరు చెరిపి బావ పేరు రాశాడు. దాని కింద ఉన్న 'ఇచ్చట మూలములకు శాశ్వత పరిష్కారము లభించును' అనే వాక్యంలో మార్చవలసిన తప్పేదీ మేష్టారికి కనబడలేదు.