శివారు కాలువలో కంప్యూటరు నీరు

కాలువ చివరనున్న శివారు ఊళ్లకు సాగునీరు అందించే విషయంలో నీటి సంఘం అధ్యక్షులు శ్రీ రామకోటేశ్వరరావు గారు చరిత్రాత్మకమైన నిర్ణయం తీసుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. 2003 జూలైలో తీసుకున్న ఆ నిర్ణయం ప్రకారం నీరు ముందుగా కంప్యూటరులో పారుతుంది. కాలువలో పారే సంగతి తరువాత పరిశీలించబడుతుంది.

దీనికి కారణం లేకపోలేదు. సంఘానికి ఎన్నికలు దగ్గర పడ్డాయి. శివారున నారుమళ్లు ఎండుతున్నాయి. నీరు రాకపోతే ఓట్లు రావు. నీరు రావాలంటే ఎగువన గట్టు కింద నుంచి వేసిన గొట్టాలు పీకించాలి. ఆ గొట్టాలు అధ్యక్షుల వారి చేపల చెరువులవి. కనుక, తర్కబద్ధంగా ఆలోచించిన మీదట, బెజవాడలో ఒక వీడియో గేము చేయించి ఊళ్లలో పంచడం ఒక్కటే మార్గమని తేలింది.

గేములో కథానాయకులు అధ్యక్షుల వారే. పార పట్టి కాలువలో పూడిక తీస్తారు; తీసినకొద్దీ నీరు శివారు దాకా పరుగెత్తుతుంది. అంతా అచ్చం నిజంలా ఉండాలన్నది ఒప్పందం. అక్కడి లబ్బీపేటలో యానిమేషన్ పని చేసే సింధూరి అనే అమ్మాయి శ్రద్ధగానే చేసింది. గట్టు మీది తాడిచెట్లు, కాలువ కాపలా చూసే లస్కరు సైకిలు, చివరకు అధ్యక్షుల వారి చెవి మీది వెంట్రుకలు కూడా ఉన్నవి ఉన్నట్టే దిగాయి. కొన్ని చిన్న లోపాలు మాత్రం మిగిలాయి.

"సార్, మీ పాదాలు బురదకి జానెడు పైన తేలుతున్నాయండీ," అంది సింధూరి. "నీడ పడట్లేదు, రెప్ప కొట్టట్లేదు. పార మీ పొట్టలోంచి దూరి వీపులోంచి వస్తోంది. ఇవి కంటపడితే ఆడేవాళ్లకి నిజమనే భ్రమ పోతుందండీ. కాస్త టైమిస్తే సరిచేస్తాను."

అధ్యక్షుల వారు తమ సలహాదారు, రిటైరైన తెలుగు లెక్చరరు సంజీవరావు గారి వైపు చూశారు. ఆయన కండువా సవరించుకుని లేచారు.

"అమ్మాయీ! పాదములు నేలనంటకుండుట, నీడ లేకుండుట, రెప్పపాటు లేకుండుట దేవతా లక్షణములు. మన అధ్యక్షుల వారిలోని దైవాంశను యంత్రము గ్రహించినది. దానిని దిద్దుటకు మనమెవ్వరము?"

"మరి పొట్టలో పార సంగతేంటండీ?"

సంజీవరావు గారు కండువా మళ్లీ సవరించుకున్నారు. "ఆయుధములు ఆయనను బాధింపజాలవు."

"అట్లాగే ఉంచమ్మాయ్," అన్నారు అధ్యక్షుల వారు. "నాకూ ఎప్పట్నించో అనుమానంగానే ఉంది."

శివారు ఊరి ఇంటర్నెట్ సెంటరులో గేమును ఆవిష్కరించారు. అధ్యక్షుల వారు గాలిలో నడుస్తుంటే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆయన ఆ ఊరి నేల మీద నడవగా చూసినవారు లేరు కనుక పోల్చుకునే వీలు లేకపోయింది. లస్కరు సైకిలు తాడిచెట్టులోంచి దూసుకుపోయింది. సాయంత్రాలు కల్లు పడ్డాక లస్కరు అలాగే వెళతాడన్నారు.

అప్పుడు నారుమడి ఎండిపోయిన నాంచారమ్మ మౌసు అందుకుంది. పూడిక తీయించింది, తూములు దాటించింది, ఊరి పొలిమేర చేరగానే మౌసును బల్ల మీద కొట్టింది.

"ఏంటండీ ప్రెసిడెంటు గారూ ఇది? మా కాలవలో నీళ్లా? చెవిలో పూలు పెడతన్నారా? ఇందాకటిదాకా మా ఊళ్లోనే తిరుగుతున్నట్టుందండీ. ఆ నీళ్లు చూడంగానే మొత్తం చెడింది!"

"నిజమేనండీ, అదొక్కటే అతకలేదు," అని సభ మొత్తం సమర్థించింది.

అధ్యక్షుల వారు ప్రజాభిప్రాయానికి తలవంచారు. వెంట వచ్చిన సింధూరి అక్కడికక్కడే శివారు కాలువలో నీరు తీసేసి నెర్రెలు వేసింది. కరతాళధ్వనులు మిన్నుముట్టాయి. "మా మడి పక్కన నెర్రె కూడా దింపేసిందే ఈ పిల్ల!" అని నాంచారమ్మ కళ్లొత్తుకుంది. ఉన్నది ఉన్నట్టు చూపే ధైర్యం ఇంతవరకు ఏ నాయకుడికీ లేదని ఊళ్లు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డాయి. పర్యవసానంగా అధ్యక్షుల వారు భారీ ఆధిక్యంతో గెలిచారు.

గెలిచిన మర్నాడే నాంచారమ్మ ఊరివాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నీళ్లడుగుతుందేమోనని అధ్యక్షుల వారు పెరటి గుమ్మం వైపు నడిచారు.

"మా గేదెని కూడా అందులో పెట్టించండి బాబూ. దాని మొహం కళగా ఉంటది."

కోరిక తక్షణం మంజూరైంది. అయితే గేదె అన్న తరువాత దాహం వేస్తుంది. అందుచేత గేములో దానికి సరిపడా నీరు వదిలారు. వదలడంతో, ఇంకా దిగువ ఊరి మరియదాసు మనుషులతో సహా ఇంటర్నెట్ సెంటరు మీదికి వచ్చాడు.

"ఏమ్మా నాంచారమ్మా, నీ గేదె మొత్తం తాగేస్తే గేములో కూడా మా దాకా రాదా?"

"నీకంత నొప్పిగా ఉంటే నువ్వూ ఓ గేదెని పెట్టించుకో!"

మాట మీద మాట పెరిగి కీబోర్డు విరిగింది. కంప్యూటరు దగ్గర కానిస్టేబుళ్లను కాపలా పెట్టారు. ఇంజనీరు గారు వచ్చి తెర మీది నీటిని ఊళ్లకు వంతులు వేశారు. రైతులు పొలం పనులు మానుకుని తమ వంతు కోసం బారులు తీరారు. పంపకం న్యాయంగా జరిగిందని అందరూ సంతకాలు చేశారు.

అసలు కాలువ మీద మాత్రం ఆ ఏడు చిన్న తగాదా కూడా జరగలేదు. డెల్టా మొత్తం మీద ఇంత ప్రశాంతమైన కాలువ మరొకటి లేదని పై అధికారులు మెచ్చుకుని, మిగిలిన ఊళ్లకు కూడా ఆ గేము పంచవలసిందిగా ఉత్తర్వులిచ్చారు. మీ ఊరికి ఇంకా అందలేదంటే, మీలో ఎవరో ఇప్పటికీ నీళ్ల కోసం గట్టెక్కి అసలు కాలువలోకి తొంగిచూస్తున్నారన్న మాట. దయచేసి మానుకోండి.