కయెంబా బండికి చమురు

మసాకా గుట్ట మీది బోడా స్టాండులో, అంటే కిరాయి మోటారుసైకిళ్ల అడ్డాలో, చోటు కావాలంటే కొత్తవాడు తన బండిని తానే బాగు చేసుకుని చైర్మన్ లుబెగా పరీక్షలో నెగ్గాలి. నెగ్గితే స్టాండు కోటు, లేకపోతే ఇంటిదారి. ఆ ఉదయం కయెంబా చెయిన్‌కు రెండు చుక్కల చమురు వేసి ఊరుకుందామనుకున్నాడు. ఊరుకోనిస్తే కదా!

"చుక్కలేంట్రా, చెయిన్ గొంతెండి ఏడుస్తుంటే?" అని స్టాండులో పాత డ్రైవరు జివ్వా సీసాలో సగం వంపాడు. కయెంబా గుడ్డ తెచ్చేలోగా, ఆ సంగతి తెలియని ఇంకో డ్రైవరు ముత్యాబా మిగతా సగమూ వంపేశాడు.

"ముందు చక్రం బ్రేకు మరీ పట్టేస్తోంది తమ్ముడూ, వెనకున్నవాళ్లు ఎగిరి పడతారు" అంటూ ముత్యాబాయే దాన్నీ వదులు చేశాడు.

"అన్నా, మీ చేతులకు దండం పెడతా, నన్ను చేసుకోనివ్వండి!" కయెంబా జుట్టు పీక్కున్నాడు.

ఇంతలో లుబెగా వచ్చి, టైరును ఒక్క తన్ను తన్ని, "నా కన్నుగప్పి ఏ లోపమూ పోలేదు. బండి భేష్!" అని అందరూ వినేలా ప్రకటించాడు. "ఇక ఒక మనిషిని చర్చి దగ్గర దింపిరా. కోటు నీదే."

సరిగ్గా అప్పుడే బుట్టచేతుల పొడవాటి గోమెసి గౌను సర్దుకుంటూ ఒకావిడ వచ్చి నిలబడింది. కయెంబా గభాలున గోడవైపు తిరిగాడు. ఆవిడ సంచీతో మొహం కప్పుకుంది.

"చైర్మన్, మా అత్తగారు!"

వాళ్ల ఆచారంలో అల్లుడు అత్తగారి మొహం చూడడమే తప్పు. ఇక వెనక ఎక్కించుకుంటే బంధువుల్లో తలెత్తుకోలేడు.

"అయితే నేనే దింపుతా. బండి సంగతీ తేలుతుంది" అని లుబెగా ఆవిడను ఎక్కించుకుని గుట్ట దిగాడు.

తేలింది. చమురు ఎప్పుడో వెనక బ్రేకులోకి చేరింది, ముందు బ్రేకును ముత్యాబా వదులు చేసిపెట్టాడు. చర్చి దాటిపోయింది, వాకిట్లో చెయ్యెత్తిన ఫాదరూ దాటిపోయాడు. చివరికి సంతలో మగ్గిన అరటిపళ్ల కుప్పలో దూరి బండి ఆగింది.

కాసేపటికి లుబెగా ఒళ్లంతా అరటి గుజ్జుతో బండి తోసుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ కయెంబా! కోటు కాదురా, నీకు..."

వెనకాలే అత్తగారు వచ్చింది. గోమెసి మడత కూడా నలగలేదు. మొహం పక్కకు తిప్పుకుని చైర్మన్‌ను అడిగింది.

"మా అల్లుడి బండికి వంక పెట్టకు నాయనా. నేను వస్తూ విన్నాగా, భేష్ అన్నది నువ్వే. మరి బండి భేషైతే, నడపడం రానిదెవరికి?"

జివ్వా, ముత్యాబా చమురు చేతులు వెనక్కి దాచుకున్నారు. లుబెగా మొహం మీది గుజ్జు తుడుచుకున్నాడు. కోటు తెచ్చి కయెంబా మీదికి విసిరాడు.

ఆ తర్వాత లుబెగా ఏ టైరునూ తన్నలేదు; ఇప్పుడు ఆ స్టాండులో కొత్తవాళ్ల బండ్లు పరీక్షించేది కయెంబాయే.