ఉమాకాంత్ టీవీ రిపేరు

కొమురవ్వ పోయాక ఉమాకాంత్ ఇంట్లో రెండు పాడయ్యాయి. ఒకటి టీవీ, రెండోది మాట. వీటిలో టీవీని బాగుచేయడం తేలికని మావాడు అనుకున్నాడు.

సూరత్‌లోని ఉన్‌ ప్రాంతంలో మాదీ వాడిదీ ఒకే గల్లీ. ఒకే కార్ఖానాలో మగ్గాలు నడుపుతాం. కొమురవ్వ వాడి తల్లి. ఆమె, కోడలు జమున పగలంతా చీరల దారాలు కత్తిరిస్తూ ఒకటే ముచ్చట్లు. అత్తాకోడళ్లు అంత కలిసిమెలిసి ఉంటే మగవాడికి నోరు తెరిచే అవసరం రాదు. పెళ్లయిన నాటినుంచి వాడు ఆ సుఖంలోనే బతికాడు. ఒక వానాకాలంలో జ్వరం తగిలి ముసలమ్మ పోయింది. ఆ తర్వాత ఇంట్లో జమున కత్తెర చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు.

రోజంతా మగ్గాల మోతలో ఉండేవాడికి ఆ నిశ్శబ్దం భయం పుట్టించింది. పని దిగగానే ఇల్లు వదిలి చాయ్ బండి దగ్గర మాతో కూర్చునేవాడు. కూర్చున్నా ప్రాణం కుదుటపడేది కాదు, పెళ్లాన్ని ఒంటరిగా వదిలి వచ్చానని. అప్పుడు తట్టింది ఉపాయం. ఇంట్లో తెలుగు సీరియళ్లు మోగుతుంటే జమునకు తోడూ దొరుకుతుంది, తనకు సెలవూ దొరుకుతుంది.

కాలిపోయిన టీవీకి బదులుగా, రింగ్ రోడ్ బజారులో ఎవరో వదిలించుకుంటున్న పాత కంప్యూటరును, దాంట్లో బిగించే టీవీ కార్డును తెచ్చాడు. కేబుల్ తీగను ఆ కార్డు వెనక గుచ్చితే కంప్యూటరే టీవీ అయిపోతుంది. కేబులుకు సెట్‌టాప్ పెట్టెలు రాకముందు సంగతి లెండి ఇది.

బొమ్మ వచ్చింది. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు తిడుతున్నారు. తెరంతా చుక్కలు కావడంతో అత్త ఎవరో కోడలు ఎవరో తెలియలేదు. కోడలనుకున్న మనిషి కాసేపటికి మీసం దువ్వుకుంది.

జమున చాలా రోజులకు నోరు విప్పింది. "మంచిదే అయ్యింది. సూరత్‌ల మంచు పడంగ సూస్తిమి."

మావాడికి పౌరుషం వచ్చింది. కార్డును తీసి తుడిచాడు, ఇంకో గాడిలో బిగించాడు, ఛానెల్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపాడు. బొమ్మ తేరుకుంది. మీసం దువ్వి, చెప్పులేసుకుని చాయ్‌కి వచ్చేశాడు. మర్నాడు పనినుంచి వెళ్లేసరికి మళ్లీ చుక్కలే.

కొత్త తీగ వేశాడు. అది కుదిరిన సాయంత్రం చాయ్, మర్నాడు చుక్కలు. కంప్యూటరు గాలితో తీగ చెడుతోందని ఎవరో అంటే తీగకు రొట్టెలు చుట్టే వెండి కాగితం చుట్టాడు. జమున దాన్ని చూసి, తీగకు కూడా టిఫిన్ కట్టినవా అని అడిగిందట.

చివరికి అనుమానం పక్కింటి లలితమ్మ మీద పడింది. కేబుల్ అక్కడే రెండుగా చీలుతుంది కాబట్టి సత్తువంతా ఆమె టీవీయే పీల్చేస్తోందని, చడీచప్పుడు లేకుండా ఆమె వైపు తీగ ఊడదీశాడు. సరిగ్గా అప్పుడే ఆమె చూస్తున్న సీరియల్లో తాళి కట్టబోతున్నారు. లలితమ్మ చపాతీ కర్రతో బయటికొచ్చింది. గల్లీ అంతా పోగయింది. కేబుల్ ఓంప్రకాష్‌ను పిలిపించారు. అతను తీగను తన చిన్న టీవీకి తగిలించి చూసి, సిగ్నల్ బరాబర్ ఉందని, తప్పు మీ డబ్బాదేనని చెప్పి వెళ్లిపోయాడు. లలితమ్మ తాళి సంగతి మాత్రం ఈనాటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత మావాడు చాయ్‌కి రావడమే మానేశాడు. సాయంత్రమైతే కంప్యూటరు వెనక దూరేవాడు. జమున టార్చి పట్టుకునేది. అచ్చిందా అని వాడు, రాలేదని ఆమె. అదే వాళ్ల సంసారం.

ఒక మధ్యాహ్నం కార్ఖానాలో కరెంటు పోయి మగ్గాలు ఆగిపోయాయి. ఇద్దరం కలిసి ఇంటిదారి పట్టాం. గల్లీలో కరెంటు ఉంది. వాళ్ల కిటికీలోంచి చూస్తే తెరమీద బొమ్మ అద్దంలా ఉంది. చీర అంచులో జరీ పోగు కూడా కనిపిస్తోంది. జమున దానికి వీపు పెట్టి దారాలు కత్తిరిస్తోంది.

మావాడు సంబరంగా దగ్గాడు. ఆ దగ్గు వినగానే ఆమె లేచి, కంప్యూటరు వెనక చేయిపెట్టి తీగ పిన్నును కొంచెం వదులు చేసింది. తెరంతా చుక్కలు పడ్డాయి.

తలుపు తోసి నిలబడ్డాడు ఉమాకాంత్. కోప్పడతాడని నేను భయపడ్డాను. నెమ్మదిగానే అడిగాడు.

"ఏందే జమునా గిది?"

ఆమె తప్పించుకోవాలని చూడలేదు. "బొమ్మ మంచిగొస్తే నువ్వు చాయ్‌కి పోతవు."

వాడు లోపలికొచ్చి చెప్పులు విడిచాడు.

"అత్తమ్మ పోయినకాన్నుంచి గీ ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు లేరు. నువ్వు గా డబ్బ ఎనక కూసున్నప్పుడన్న అచ్చిందా అని అడుగుతున్నవు. గదే చాలనుకున్న."

"నేనేం మాట్లాడాలె? నోరు తెరిస్తే అమ్మ ముచ్చటే అస్తది. అమ్మ ముచ్చటొస్తే నాకు ఏడుపొస్తది. గందుకే పోతున్న."

"నాకు రాదా?" అంది జమున.

అక్కడ నిలబడే హక్కు నాకు లేదు. వచ్చేశాను.

సాయంత్రం చాయ్ దగ్గర మావాళ్లు వాడిని కేకేసి వస్తామంటే వద్దన్నాను. తిరిగి వస్తుంటే ఆ గుమ్మం ముందు నా అడుగులు నెమ్మదించాయి. లోపల ఉమాకాంత్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. శవాన్ని మోసేటప్పుడు కూడా ఏడవని మనిషి. జమున ఆగి ఆగి చెబుతోంది. జ్వరంలో కొమురవ్వ చేపల పులుసు కావాలని పట్టుబట్టిందట. వండిపెడితే ఉప్పు లేదని కోడల్ని తిట్టి, కొడుకును తిట్టి, చేపను కూడా తిట్టి, గిన్నె ఖాళీ చేసిందట.

ఏడుపు మధ్యలో వాడికి నవ్వొచ్చింది.

"ఇంకేమన్నది?" అని అడుగుతున్నాడు.