ఆళ్లగడ్డ రాయి

మధ్యాహ్నం అన్నం తిని వసారాలో మంచం వాల్చుకుంటే నంద్యాలలో అందరికీ చెమటలు పడతాయి. నాకు కలలు వస్తాయి. వాటిలో నాకు బాగా నచ్చిన కల ఒకటుంది. మా చర్చి వెనక సమాధుల తోటలో నేనూ మా ఆవిడా పక్కపక్కనే పడుకుని ఉంటాం. పైనుంచి వేపపూలు రాలుతుంటాయి, నల్లమల వైపు నుంచి చల్లగాలి వస్తుంటుంది. నేనేదో చెబుతుంటాను, ఆమె వింటుంటుంది. బతికుండగా జరిగేది కాదు కాబట్టే అది కల.

ఆ కలకు మొన్న గండి పడింది. మా ఆవిడ ఎలిజబెత్ హైస్కూల్లో సైన్సు టీచరు. అన్నం వడ్డిస్తూ, ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

"నేను పోయినాక నా శరీరం మెడికల్ కాలేజీకి ఇస్తాండా. మాట్లాడొచ్చినా."

"ఏందీ? నన్ను అడక్కుండానే?"

"నువ్వు మీసం తీసేటప్పుడు నన్ను అడిగినావా?"

"మీసం మళ్ళీ మొలుస్తాది లిజ్జీ."

"నేనూ ప్రభువు పిలిచినప్పుడు లేస్తాలే. పప్పు పోసుకో."

మరి నా పక్కన ఎవరుంటారు? ఆ మాట నోటిదాకా వచ్చింది. అడగడానికి సిగ్గేసి, దాని బదులు ఒక పథకం వేశాను.

మర్నాడే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. అక్కడ శిల్పుల వీధిలో పొద్దున్నుంచీ ఉలి చప్పుడే. దేవుళ్ళు నడుము దాకా రాతిలోంచి బయటికొచ్చి, మిగతా సగం కోసం ఎదురుచూస్తుంటారు. అంకన్న అనే శిల్పిని పట్టుకుని, మా ఇద్దరి పేర్లతో ఒకటే సమాధి రాయి కావాలన్నాను.

"ఎవురు పోయినారు సార్?"

"ఇంకా ఎవరూ పోలా. ముందుజాగ్రత్త."

అంకన్న ఉలిని నా చేతికి అందనంత దూరం జరిపాడు.

మా పెళ్ళిరోజున ఆ రాయి తెప్పించి ముందు పెడితే ఎలిజబెత్ కరిగిపోతుందని నా లెక్క. ఫోన్ చేసినప్పుడు పంపమని ఇంటి అడ్రసు ఇచ్చాను. పని ముగిసిన రాయి ఆ రాత్రి తన కొట్టంలో ఉండకూడదని అంకన్నకు ఒక పట్టింపు. దేవుడైనా, నాలాంటి దేవసహాయమైనా అదే పద్ధతి. అతను ఆ సంగతి చెప్పాడు కూడా. నేనప్పుడు సగం చెక్కిన అమ్మవారి నవ్వు చూస్తూ ఎక్కడో తేలిపోతున్నాను.

వారం తిరక్కముందే, వసారాలో నిద్రలో నా కల మొదలైంది. వేపపూలు రాలుతున్నాయి. ఈసారి బంతిపూలు కూడా రాలాయి. ఎవరో ఏడుస్తున్నారు కూడా. కల బాగా ముదిరిందనుకుని కళ్ళు తెరిస్తే, నా మెడలో దండ ఉంది.

మంచం పక్కన గోడకు ఆనించి, అంకన్న అప్పుడే పంపించేసిన నల్లరాయి నిలబడి ఉంది. 'దేవసహాయం, ఎలిజబెత్. ఇక్కడ పక్కపక్కనే నిద్రిస్తున్నారు.' దాని ముందు మా పక్కింటి సుమలత కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. ఊళ్ళో ఎవరు పోయినా శవం కంటే ముందే చేరుకునే మా అక్క, ముందస్తు మణెమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"గురక పెడుతున్న మనిషికి దండేస్తారా?" అన్నాను.

"గురక వినపడిందిరా. కానీ పేరు చెక్కినంక మనమేం చేస్తాం?" అంది మణెమ్మక్క.

అప్పుడే ఎలిజబెత్ స్కూటీ వచ్చి ఆగింది. హెల్మెట్ తీసి జనాన్ని చూసింది.

"ఎవురు పోయినారు?"

"నువ్వే," అంది సుమలత.

ఎలిజబెత్ రాయి చదివింది, నా మెడలో దండ చూసింది. లోపలికి పోయి అందరికీ టీ పెట్టింది. చనిపోయిన మనిషి చేతి టీ తాగడానికి మొదట ఎవరికీ ధైర్యం చాల్లేదు.

టీ రెండో గుక్కకి, ఎలిజబెత్ తన ఒళ్ళు కాలేజీకి ఇస్తానన్న మాటతో సహా సంగతంతా బయటపడింది. సుమలత, కళ్ళు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారని వాళ్ళ అత్త చెప్పిందంది. మణెమ్మక్క, ఒళ్ళు ముక్కలైతే చివరి దినాన ఎట్ల లేస్తావని నిలదీసింది. నాకు బలం వచ్చి దండ సర్దుకున్నాను.

"మట్టిలో పురుగులు తిన్నదాన్ని లేపే దేవునికి, పిల్లోళ్ళు చదువుకున్నదాన్ని లేపేది చేతకాదా వదినా?" అంది ఎలిజబెత్. "పూడ్చేవాళ్ళను పూడ్చుకోనీండి, కాల్చేవాళ్ళను కాల్చుకోనీండి. నేనేమన్నా అడ్డమొస్తాండానా? బోర్డు మీద గుండె బొమ్మేసి చెప్పి చెప్పి విసుగొచ్చింది. నా గుండె చూసి నేర్చుకోనీ."

మణెమ్మక్క గ్లాసు కింద పెట్టి, "నొప్పేమీ ఉండదు గదా?" అని మెల్లగా అడిగింది.

అందరూ పోయాక ఎలిజబెత్ నా మంచం అంచున కూచుంది.

"ఇంత బరువు యాల మోయించినావప్పా?"

"ఆడ నేనొక్కన్నే పడుకోవాల్నా లిజ్జీ?" అన్నాను. "నాకు భయం."

ఆమె నవ్వలేదు. నా మెడలో దండ తీసి రాయి మీద పెట్టింది.

"నీ ఒళ్ళు యాడ పెట్టాల్నో నీ ఇష్టం, నిన్ను రమ్మనను. కానీ ఒకటి చెప్పు. రోజూ సాయంత్రం నువ్వు ఈడ ఫోన్ పట్టుకుని, నేను లోపల పేపర్లు దిద్దుకుంటా. మనం పక్కపక్కనే యాడున్నాం?"

నేను మంచం మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను.

అంకన్నకు ఫోన్ చేస్తే, పేరు చెక్కిన రాయి వెనక్కి తీసుకోనన్నాడు. ఎలిజబెత్ మనుషుల్ని పిలిపించి దాన్ని పెరట్లో మునగచెట్టు కింద, రెండు బండల మీద అరుగులా వేయించింది. ఇప్పుడు రోజూ సాయంత్రం నేను నా పేరు మీద, ఆమె తన పేరు మీద కూచుంటాం. తలమీద మునగపూలు రాలుతుంటాయి. నేనేదో చెబుతుంటాను, ఆమె పేపర్లు దిద్దుతూ ఊ కొడుతుంది. చీకటి పడేలోగా నాకు కునుకు పట్టి ఆమె భుజం మీదికి ఒరిగిపోతాను.

ఈమధ్య మధ్యాహ్నాలు నాకు ఆ కల రావడం లేదు.